ఆ దీవి రాత్రిని దానికే వదిలేద్దాం: హైదరాబాద్ ఫొటోగ్రాఫర్ మిత్రులకు బహిరంగ లేఖ

మిత్రులకు నమస్కారం.

గండిపేట గట్టు మీద, ఖాజాగూడ రాళ్ల దగ్గర, అనంతగిరి దారిలో తెల్లారకముందే ట్రైపాడ్ పెట్టుకుని నిలబడే మనందరికీ ఈ ఉత్తరం. మనలో చాలామందికి పేర్లు తెలియకపోయినా ముఖాలు తెలుసు. చలికాలం శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దున్నే కాకినాడలో దిగి, బోటు మాట్లాడుకుని హోప్ ఐలాండ్‌కి వెళ్లేవాళ్లు మన ఊరి నుంచి ఈ నాలుగైదేళ్లలో బాగా పెరిగారు. మరీ ముఖ్యంగా వాళ్ల కోసం రాస్తున్నాను. నేను ఆ దీవికి పదిహేనేళ్లుగా వెళ్తున్నదాన్ని. దాని మీద నాకున్నది ప్రేమే. ఆ ప్రేమతోనే అడుగుతున్నాను: సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే జనవరి నుంచి ఏప్రిల్ దాకా చీకటి పడ్డాక మనం ఆ సముద్రపు ఒడ్డున ఉండొద్దు. కెమెరాతోనూ వద్దు, కెమెరా లేకుండానూ వద్దు.

ఈ మాట చెప్పడానికి నాకేం హక్కుందని అడగొచ్చు. అందుకని కొంచెం మొదటినుంచీ చెప్తాను.

నేను తార్నాకలో పుట్టి పెరిగాను. కెమెరా పట్టిన మొదటి పదేళ్లూ రాళ్లను తప్ప ఇంకేమీ తీయలేదు. మౌలాలి గుట్ట, షామీర్‌పేట దారి, గచ్చిబౌలి వెనకాల ఎవరో పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి అది. నానక్‌రామ్‌గూడ అవతల ఒక పెద్ద గుండు ఉండేది. చలికాలం సాయంత్రం ఐదు దాటాక దాని నెర్రెలోంచి ఎండ సన్నగా దిగి, కింద పరిచినట్టున్న గడ్డి మీద పడేది. పది నిమిషాలు, అంతే. ఆ పది నిమిషాల కోసం నాలుగు చలికాలాలు తిరిగాను. ఐదో ఏడు వెళ్లేసరికి అక్కడ కంకర గుట్ట ఉంది. దాని పక్కన జేసీబీ, దాని నీడలో అన్నం తింటున్న ఇద్దరు కూలీలు. వాళ్లనేం అనగలను? ఇంటికొచ్చేశాను. తర్వాత చాలా నెలలు కెమెరా బ్యాగు అటక మీదే ఉంది.

ఆ రోజుల్లోనే ఒక పెళ్లికని కాకినాడ వెళ్లాను. పెళ్లి అయిపోయాక ఒక రోజు ఖాళీ దొరికింది. జగన్నాథపురం కాలువ దగ్గర బోటు ఎక్కాను. సరంగు అరవై ఏళ్ల మనిషి, తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. బాబాయ్ అని పిలిచాను, ఇప్పటికీ అలాగే పిలుస్తాను. చేపల బోట్ల మధ్యనుంచి, డీజిల్ వాసన మధ్యనుంచి బయటపడి కాకినాడ అఖాతంలోకి వచ్చాం. బోటు కింద నీళ్లు అంత నిమ్మళంగా ఉన్నాయంటే అది సముద్రమని నాకు నమ్మకం కుదరలేదు. గంటకు పైగా ప్రయాణించాక దూరంగా ఒక పలచటి గీత కనపడింది. గట్టిగా చూస్తే తప్ప నీటికీ ఆకాశానికీ మధ్య అదొకటి ఉందని తెలియదు.

దిగి నాలుగడుగులు వేశాను. అవతలి పక్క హోరు వినపడింది. ఇటు చెరువులా పడుకున్న అఖాతం, అటు బంగాళాఖాతం, మధ్యలో ఆ ఇసుక. నేను 250 కోట్ల ఏళ్ల రాళ్ల దగ్గర నుంచి వచ్చినదాన్ని కదా, ఈ నేల ఎన్నేళ్లది బాబాయ్ అని అడిగాను.

"నేలంటారేటమ్మా దీన్ని? ఇది నడుస్తా ఉంటదండి. మా తాత చిన్నప్పుడు ఈ మొన ఇక్కడ లేదండి, ఇంకా ఆ కింద ఉండేదంట. ఏటేటా ఉత్తరానికి పోతా ఉంటది."

ఆయన చెప్పింది అక్షరాలా నిజమని తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. 18వ శతాబ్దం చివర్లో గోదావరి తెచ్చిన ఇసుకను, ఒడ్డు వెంట ఉత్తరంగా నడిచే అలల ప్రవాహం మేట వేయడం మొదలుపెట్టింది. రెండు వందల ఏళ్లలో అది 16 కిలోమీటర్ల పొడవు సాగింది. లండన్ నుంచో మద్రాసు నుంచో వచ్చిన ఓడలు ఒకప్పుడు లంగరు వేసిన చోట ఇప్పుడు పీతలు బొరియలు తవ్వుకుంటున్నాయి. గోదావరి జిల్లాల వాళ్లకి ఇది వింత కాదు. లంకలు పుట్టడం, ఏరు కోసేస్తే పోవడం, అవతల ఇంకోచోట తేలడం వాళ్లు తరతరాలుగా చూస్తున్నారు. రాయి కదలదు అనుకుని పెరిగిన నాకు మాత్రం అది కొత్త. కదలదనుకున్నది నా కళ్ల ముందే లారీల్లో వెళ్లిపోయింది. నిలవదనుకున్నది ఇక్కడ నడుస్తూ నడుస్తూ బతికే ఉంది. ఆ సాయంత్రం తిరుగు బోటులో చాలా రోజుల తర్వాత లెన్సు తుడిచాను.

ఆ ఇసుక గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే మనలో ఎక్కువమంది అక్కడికి వెళ్లి సూర్యోదయం తీసి వచ్చేస్తున్నారు, కాళ్ల కింద చూడటం లేదు. పొద్దున ఆరున్నరకి, ఎండ ఇంకా పక్కనుంచి పడుతున్నప్పుడు, తడి ఒడ్డున మోకాళ్ల మీద కూర్చోండి. అల వచ్చి వెనక్కి వెళ్లేటప్పుడు చూడండి. చేటతో వడ్లు చెరిగినప్పుడు తాలు ఒక పక్కకీ గట్టి గింజ ఒక పక్కకీ ఎలా విడిపోతాయో, అలాగే తేలిక రేణువులు నీటితో జారిపోతాయి, బరువైనవి అక్కడే ఉండిపోతాయి. అందుకే ఆ నల్ల చారలు. ఒక చిటికెడు తీసి అరచేతిలో పెట్టుకుని మాక్రో లెన్సుతో చూస్తే నలుపొక్కటే కాదు, మధ్యలో దానిమ్మ గింజ రంగు గోమేధికం తునకలు, గాజులాంటి స్ఫటికాలు. ఇల్మెనైట్ నలుపు, గార్నెట్ ఎరుపు, క్వార్ట్జ్ తెలుపు. ఒక్క అల గీసిన గీతను ఇంకో అల చెరిపేయడానికి పది క్షణాలు కూడా పట్టదు. నేను తీసిన ఫొటోల్లో నాకు బాగా ఇష్టమైనది ఆ చారలదే. అందులో ఆకాశం లేదు, సముద్రమూ లేదు, నా అరచేయంత ఇసుక ఉంది.

ఆ ఇసుక ఎక్కడిదో తెలుసా? త్ర్యంబకం దగ్గర మొదలై 1,465 కిలోమీటర్లు నడిచిన నది మోసుకొచ్చినది. అందులో కందకుర్తి దగ్గర కలిసే మంజీర వాటా ఉంది. కాళేశ్వరం దగ్గర కలిసే ప్రాణహిత వాటా ఉంది, మానేరు వాటా ఉంది. సింగూరులో ఆపి మనం హైదరాబాద్‌లో కొళాయి తిప్పి తాగుతున్న మంజీరే అది. మా అపార్ట్‌మెంటు కట్టేటప్పుడు రాత్రిళ్లు లారీల్లో దిగిన ఇసుకా గోదావరిదే. అంటే ఆ దీవికి చేరాల్సిన దాంట్లో కొంత మన గోడల్లో ఉంది. ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడం వల్ల డెల్టాకు చేరే మట్టి 1970ల నుంచి 1990ల నాటికి సగానికి పైగా తగ్గిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కగట్టారు. డెల్టా అంచు చాలాచోట్ల కోతకు గురవుతోంది. నీళ్లు తాగొద్దని, ఇళ్లు కట్టుకోవద్దని నేను అనడం లేదు. ఆ దీవి మనకు ఏమీ కాని చోటు కాదని చెప్తున్నాను. శనివారం చూసి ఆదివారం మర్చిపోయే చోటు అసలే కాదు.

కాకినాడ వాళ్లకి అది ఇంకా దగ్గరిది. దీవికి ఇవతల ఉన్న కోరింగ ఒకప్పుడు ఎంత పెద్ద రేవంటే, అక్కణ్నుంచి ఓడలెక్కి వెళ్లిన మనవాళ్లను బర్మాలో కోరంగీలనే పిలిచారు. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన ఆ ఊరిని మట్టిపాలు చేసింది. సైక్లోన్ అన్న మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ ఆ 1789 తుఫాను గురించి రాశాడు. ఇప్పుడు కాకినాడకు, సముద్రానికి మధ్య ఈ ఇసుక గోడ ఉంది, దాని లోపల మడ అడవులు ఉన్నాయి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుఫాను గురించి బాబాయ్ ఎక్కువ మాట్లాడడు. ఒకసారి మాత్రం, దీవి వైపు గడ్డం ఎత్తి చూపించి, "అదే లేకపోతే మాకు ఊరుండేది కాదండి" అన్నాడు.

మడ అడవులతో కలిపి ఇదంతా కోరింగ వన్యప్రాణి అభయారణ్యం, 235.70 చదరపు కిలోమీటర్లు, 1978లో ప్రకటించారు. లోపల తెల్ల మడ, నల్ల మడ, తిల్ల చెట్లు, వాటి మధ్య కాలువల్లో నీటికుక్కలు, బురదలో బావురు పిల్లి అడుగులు. పదిహేనేళ్లలో బావురు పిల్లిని నేను చూసింది రెండుసార్లే. రెండుసార్లూ కెమెరా పైకెత్తేలోపు వెళ్లిపోయింది. నాకు దాని అడుగుజాడల ఫొటోలు ఉన్నాయి, అవి చాలు.

ఇక తాబేళ్ల సంగతి.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి ఏప్రిల్ దాకా, ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, ఆ దీవి సముద్రపు పక్క ఒడ్డు మీదకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. సరిగ్గా ఆ నెలల్లోనే తెల్లవారుజామున తూర్పు, ఆగ్నేయ దిక్కున సముద్రం మీద పాలపుంత నడిబొడ్డు లేస్తుంది. చంద్రుడు లేని రాత్రి, ఎదురుగా దీపం లేని సముద్రం, తడి ఇసుకలో నక్షత్రాల నీడ. మనం ఎందుకు వెళ్తున్నామో నాకు తెలుసు. నేనూ అందుకే వెళ్లాను. అదే చీకటి కోసం తాబేలూ వస్తుంది. గొడవంతా ఇక్కడే.

రెండేళ్ల క్రితం ఫిబ్రవరిలో, అమావాస్యకి ముందు రోజు, అటవీ శాఖ అనుమతి తీసుకుని, గుడ్లు సేకరించి హేచరీలో భద్రం చేసే కుర్రాళ్ల వెంట రాత్రి గస్తీకి వెళ్లాను. కెమెరా తీసుకెళ్లలేదు. వాళ్ల దగ్గర ఎర్ర కాగితం చుట్టిన చిన్న టార్చి ఒకటి ఉంది, దాన్ని కూడా నేలవైపే పట్టుకుంటారు. పదకొండు దాటాక ముందు నడుస్తున్న కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు. అందరం ఇసుకలో కూలబడ్డాం.

నీళ్లలోంచి ఒక రాయి పైకి జరిగింది. నాకు మొదట అలాగే అనిపించింది, రాళ్లు చూసి పెరిగిన కళ్లు కదా. నాలుగడుగులు జరిగి ఆగింది. తల ఎత్తింది, దించింది. మళ్లీ జరిగింది. నలభై కిలోలకు పైనే ఉంటుంది, నీళ్లలో ఈత కోసం పుట్టిన తెడ్డులతో నేల మీద తన బరువు తానే ఈడ్చుకోవాలి. ప్రతి నాలుగు లాగుళ్లకీ ఒకసారి ఆగి ఊపిరి వదులుతుంది. ఆ ఊపిరి చప్పుడు మనిషి నిట్టూర్పులాగే ఉంటుంది. చూడకుండా వింటే పక్కన ఎవరో ఉన్నారనుకుంటారు. పోటు గీత దాటి, పొడి ఇసుకలోకి వచ్చి, బాలబంది తీగ మొదలయ్యే చోట ఆగింది. ముందు తెడ్డులతో పైపొర ఇసుకను పక్కకి నెట్టింది. తర్వాత వెనక తెడ్డులతో తవ్వడం మొదలుపెట్టింది. ఒక తెడ్డు దొన్నెలా మడిచి గుప్పెడు ఇసుక తీసి పక్కన పెడుతుంది, రెండోది ఆ పక్క ఇసుకను దూరంగా విసురుతుంది. తర్వాత ఇది తవ్వుతుంది, అది విసురుతుంది. వెనక్కి తిరిగి చూసుకోదు. మూరెడు లోతు గుంత, మెడ సన్నగా, అడుగు వెడల్పుగా, మన ఇళ్లలో కుండ ఎలా ఉంటుందో అలా. చూడకుండా అంత గుండ్రంగా ఎలా తవ్వుతుందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ గుంతలో వంద, నూట ఇరవై గుడ్లు పెట్టి, మట్టి కప్పి, తన ఒంటితోనే ఇటూ అటూ ఊగుతూ దబదబ కొట్టి గట్టిచేసి వెళ్లాలి. అదంతా కలిపి ఒక గంట పని. పెట్టడం మొదలయ్యాక దానికి చుట్టూ ఏం జరుగుతున్నా పెద్దగా పట్టదు. అప్పటిదాకా మాత్రం ఒక్క వెలుగు, ఒక్క కదలిక చాలు.

ఆ రాత్రి అది గుంత సగం తవ్వింది. అప్పుడు దక్షిణం వైపు నుంచి వెలుగు వచ్చింది. టార్చి కాదు, తెల్లటి ఎల్‌ఈడీ ప్యానెల్. పాలపుంత ఫొటోలో ముందు భాగం బాగా పడాలని ఒడ్డంతా వెలిగిస్తారు చూడండి, అది. ఏడెనిమిదిమంది ఉన్నారు. అనుమతి లేకుండా బోటు కట్టుకుని రాత్రికి ఉండిపోయిన ఫొటో వర్క్‌షాప్ వాళ్లు. మాటలు వినపడ్డాయి. మన హైదరాబాద్ మాటలే. "భాయ్, ఇంకొంచెం లెఫ్ట్ పట్టు."

తాబేలు తెడ్డు గాల్లో ఆగిపోయింది. కాసేపు కదల్లేదు. తర్వాత తిరిగింది. సగం తవ్విన గుంతను అలాగే వదిలేసి, వచ్చినంత కష్టంగానూ, ఇంకా ఎక్కువసార్లు ఆగుతూ, నీళ్లలోకి వెళ్లిపోయింది.

గస్తీ కుర్రాళ్లు వెళ్లి లైటు ఆర్పించారు. వాళ్లు కోప్పడలేదు, అలసిపోయి ఉన్నారు. వర్క్‌షాప్ వాళ్లు కూడా చెడ్డవాళ్లు కాదు. ఒకబ్బాయి నిజంగానే బాధపడ్డాడు, "మాకు తెలియదు మేడమ్" అని రెండుసార్లు అన్నాడు. తెల్లారాక ఆ చోటికి వెళ్లి చూశాను. పైకి వచ్చిన జాడ, తిరిగి వెళ్లిన జాడ, మధ్యలో సగం గుంత. వెళ్లిన జాడ వచ్చిన దానికంటే లోతుగా పడి ఉంది. గుంతలోకి అప్పటికే ఒక పీత దిగింది. పొద్దుటి పోటు వచ్చి కింది సగం తుడిచేసింది.

అది ఇంకోచోట గుడ్లు పెట్టి ఉండొచ్చు. పెట్టకపోయి ఉండొచ్చు. పుట్టిన పిల్లల్లో వెయ్యికి ఒకటో రెండో పెద్దవవుతాయంటారు. అలా పెద్దదై, పది పదిహేనేళ్లు సముద్రాలు తిరిగి, వలలన్నీ తప్పించుకుని, పుట్టిన తీరం వెతుక్కుంటూ వచ్చిన తల్లి అది. దాన్ని వెనక్కి పంపింది మన ఊరి నుంచి గౌతమిలో వచ్చిన ఒక దీపం.

నా వంతు తప్పు కూడా చెప్పాలి. ఎనిమిదేళ్ల క్రితం నేను ఆ ఒడ్డున తీసిన ఒక రాత్రి ఫొటో చాలామందికి నచ్చింది. లొకేషన్ అడిగినవాళ్లందరికీ మ్యాప్‌లో గుర్తు పెట్టి మరీ పంపాను. ఏ వైపు దిగాలి, ఎన్ని గంటలకి పాలపుంత లేస్తుంది, ఏ బోటు రాత్రికి ఉంటుంది, అన్నీ. మంచి పనే చేస్తున్నాననుకున్నాను. ఆ రాత్రి వర్క్‌షాప్ వాళ్లు నిలబడ్డ చోటు సరిగ్గా నా గుర్తు ఉన్న చోటే. ఆ ఫొటోను తర్వాత తీసేశాను. కానీ అప్పటికే అది అందరి దగ్గరా ఉంది.

అందుకని ఇప్పుడు అడుగుతున్నాను. ఆ నాలుగు నెలలూ పగలు వెళ్దాం, చీకటి పడకముందే బోటెక్కేద్దాం. సూర్యాస్తమయం కావాలంటే అఖాతంలో బోటు మీద నుంచే తీయొచ్చు, నిజానికి అక్కడినుంచే బాగుంటుంది, నీళ్లు కదలవు. తాబేలు ఫొటో కావాలన్న కోరికను మొత్తంగా వదిలేయమంటున్నాను. ఫ్లాష్ లేకుండా తీస్తాం, ఎర్ర లైటు వాడతాం అని కొందరు అంటారు. ఎర్ర లైటు దానికి తక్కువ కనపడుతుంది, నిజమే. కానీ నడిచే మనుషుల నీడలు కనపడతాయి, అడుగుల అదురు తెలుస్తుంది. గస్తీ వాళ్లు ఉండక తప్పదు, మనం ఉండక తప్పదా? పిల్లలు బయటికొచ్చే రోజుల్లో మరీ ప్రమాదం. అరచేతిలో పట్టేంత పిల్లలు ఇసుకలోంచి లేచి, ఏ వైపు ఆకాశం ఎక్కువ వెలుగ్గా ఉంటే ఆ వైపు పరిగెడతాయి. వేల ఏళ్లుగా అది సముద్రం వైపే. ఇప్పటికే పడమర దిక్కున కాకినాడ రేవు వెలుగు ఆకాశంలో పరుచుకుని ఉంది. దానికి తోడు మన సెల్‌ఫోన్ టార్చి వద్దు.

లొకేషన్ పిన్‌లు పెట్టొద్దు. కాకినాడ తీరం అని రాస్తే చాలు. డ్రోన్ సంగతి వేరే చెప్పక్కర్లేదు, అభయారణ్యంలో అనుమతి లేకుండా ఎగరేయడం తప్పని అందరికీ తెలుసు. అయినా ఎగరేస్తున్నారు. చలికాలంలో ఆ అఖాతం ఒడ్డుకి ఎక్కడెక్కడి నుంచో పక్షులు వస్తాయి, నారింజ రంగు ముక్కుతో నీటిని గీసుకుంటూ ఎగిరే స్కిమ్మర్లతో సహా. తిండి తిని, రెక్కలు ఆర్చుకుని, మళ్లీ చాలా దూరం ఎగరాల్సినవి. డ్రోన్ చప్పుడుకి గుంపు మొత్తం లేచినప్పుడు వీడియో అందంగా ఉంటుంది. అవి అలా లేవడానికి ఖర్చు పెట్టిన శక్తి మాత్రం వీడియోలో కనపడదు.

వర్క్‌షాప్‌లు నడిపే మిత్రులకు ప్రత్యేకంగా ఒక మాట. మీరు నేర్పించేది మీ విద్యార్థులు ఇరవై ఏళ్లు పాటిస్తారు. మూడు రోజుల కోర్సులో ఎక్స్‌పోజర్ గురించి ఆరు గంటలు చెప్తున్నప్పుడు, ఎక్కడ కెమెరా తీయకూడదో అరగంట చెప్పండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద ఆలివ్ రిడ్లే మొదటి షెడ్యూల్ జీవి, పులితో సమానం. పులి ముఖం మీద ప్యానెల్ లైటు వేయమని మీలో ఎవరూ చెప్పరు కదా.

దీనికి జవాబుగా మీరు అనబోయే మాటలు కొన్ని నాకు ముందే వినిపిస్తున్నాయి. ఫొటోలు లేకపోతే ఆ దీవి గురించి జనానికి ఎలా తెలుస్తుంది, తెలియనిదాన్ని ఎవరు కాపాడతారు అంటారు. నేనూ అదే నమ్మాను, పదేళ్లు ఆ నమ్మకంతోనే తీశాను. కానీ ఆ ఫొటోలు చూసి కాపాడటానికి వచ్చినవాళ్లు ఎంతమంది, అదే ఫొటో మళ్లీ తీయడానికి వచ్చినవాళ్లు ఎంతమంది? నాకు ఉత్తరాలు రాసినవాళ్లలో దాదాపు అందరూ ఏ లెన్సు, ఏ సెట్టింగు, ఏ బోటు అనే అడిగారు.

ట్రాలర్ వలల్లో చిక్కి చచ్చే తాబేళ్ల ముందు మన దీపాలు ఎంత అని ఇంకొందరు అంటారు. ఇందులో నిజం ఉంది. ఆ నెలల్లో కాకినాడ నుంచి ఉప్పాడ దాకా ఒడ్డున నడిస్తే కొట్టుకొచ్చిన తాబేళ్లు కనపడతాయి. ఊపిరి కోసం పైకి రావాల్సిన జీవి నీటి కింద వలలో ఇరుక్కుంటే ఏమవుతుంది? వలలో తాబేలు తప్పించుకునే పరికరం ఉంది, అన్ని బోట్లలోనూ వాడటం లేదు. చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుంది, అప్పటికి గుడ్లు పెట్టే కాలం చాలావరకు అయిపోతుంది. ఇది పెద్ద సమస్యే. దీనికి మన కెమెరాలు పనికొస్తాయి, పగటి పూట. చచ్చి ఒడ్డుకొచ్చిన ప్రతి తాబేలునూ పక్కన స్కేలు పెట్టి, తేదీ, చోటు రాసి ఫొటో తీసి అటవీ శాఖకు ఇవ్వొచ్చు. అది అందమైన ఫొటో కాదు. గోడకి తగిలించుకోలేం. నేను ఈ రెండేళ్లూ తీసినవి ఎక్కువగా అవే.

రెండో పని ఒకటి ఉంది, ఇది నాకు చాలా ఇష్టమైనది. 2012 నుంచి ప్రతి నవంబరులోనూ దీవి ఉత్తర మొన దగ్గర ఒకే చోట, ఒకే లెన్సుతో, ఒకే ఎత్తులో ట్రైపాడ్ పెట్టి నాలుగు దిక్కులా ఒక్కో ఫొటో తీస్తున్నాను. చోటును జీపీఎస్‌లో రాసి పెట్టుకున్నాను. మొదటి ఏడు ట్రైపాడ్ నిలబెట్టిన పొడి ఇసుక చోటులో ఇప్పుడు పోటు సమయానికి నడుములోతు నీళ్లు ఉంటాయి. పాటు వచ్చి నీళ్లు వెనక్కి తగ్గేదాకా ఆగి, తడి ఇసుకలో కాళ్లు దిగబడుతుంటే తీయాలి. ఆ ఫొటోలన్నీ వరసగా పెట్టి చూస్తే బాబాయ్ చెప్పిన నడక కంటికి కనపడుతుంది. రావణాసురుడి మీసాల గడ్డి ఒక ఏడు ఎడమ చివర ఉంది, మరుసటేడు మధ్యకొచ్చింది, తర్వాత లేదు, మళ్లీ ఇంకో దిబ్బ మీద మొలిచింది.

దక్షిణాన, నడుమన, అఖాతం వైపున ఇలాంటి చోట్లు ఇంకో పది కావాలి. ఒక్కదాన్ని చేయలేను. నాకూ మోకాళ్లు నొప్పులు మొదలయ్యాయి, బాబాయ్‌కి డెబ్బై అయిదు దాటి బోటు కొడుక్కి అప్పజెప్పాడు. ఈ నవంబరులో రెండో శుక్రవారం రాత్రి గౌతమిలో బయల్దేరుతున్నాను. అనుమతుల కాగితాలు అటవీ శాఖకు ఇప్పటికే పెట్టాను, పదిమందికి. రాగలిగినవాళ్లు సికింద్రాబాద్ స్టేషన్‌లో కలవండి. ట్రైపాడ్, తడిసినా ఫర్వాలేని చెప్పులు, రెండు లీటర్ల నీళ్లు, తలకి తువ్వాలు తెచ్చుకోండి. శనివారం పొద్దున పాటు వేళకి మొన దగ్గర ఉండాలి, మధ్యాహ్నం పోటు ఎక్కేలోపు బోటు దగ్గరకొచ్చేయాలి. ప్యానెల్ లైట్లు ఇంట్లోనే పెట్టి రండి.

ఇట్లు,
మీలో ఒకరు
తార్నాక, హైదరాబాద్